ఊ కొట్టినవాళ్లు

ఆ విభాగంలో ఇంటర్వ్యూలు టైపు చేసేవాళ్లకు ఒక నియమం ఉండేది. ఊ రాయకూడదు.

మనిషి మాట్లాడినదంతా రాయాలి. తడబడితే తడబడినట్టే రాయాలి. ఏడిస్తే పక్కన 'ఏడుపు' అని రాయాలి. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే 'మాటలు కలిసిపోయాయి' అని రాసి వదిలేయాలి. వినేవాళ్లు మధ్యమధ్య కొట్టే ఊ మాత్రం అక్కర్లేదు. అది మాట కాదు, శబ్దం అన్నారు ప్రొఫెసర్ సూర్యప్రకాశం. ఆయన పెట్టిన నియమం గనక ఎందుకని ఎవరూ అడగలేదు. ఆయన పోయి మూడేళ్లయినా అది అలాగే నడుస్తోంది.

మందాకిని ఆయన శిష్యురాలు. విశాఖపట్నంలో ఒక యూనివర్సిటీ పరిశోధన విభాగం అది. అక్కడ ఆమె పని జనం చెప్పిన మాటలు చదవడం. ఏ మాట దేని గురించో పక్కన గుర్తు పెడుతుంది. ఒకే రకం గుర్తులన్నీ ఒకచోట చేర్చి, వాటిలోంచి ఒక సంగతి తేలుస్తుంది. ఒకే ఇంటర్వ్యూను ఇద్దరు విడివిడిగా చదివి గుర్తులు పెట్టాలి. తర్వాత ఎదురెదురుగా కూర్చుని, తేడా వచ్చిన చోటల్లా పోట్లాడుకోవాలి. చివరికి తేలిన సంగతిని అచ్చు వేసేముందు, చెప్పినవాళ్ల దగ్గరికే తీసుకెళ్లి వినిపించాలి. వాళ్లు కాదంటే కొట్టెయ్యాలి. ఈ ఆఖరి మెట్టును చాలాచోట్ల టైము లేదని ఎగ్గొడతారు. ప్రొఫెసర్ గారు ఎన్నడూ ఎగ్గొట్టనివ్వలేదు.

ఊ సంగతి ఆమెకు తట్టింది ఆఫీసులో కాదు. ఇంట్లో, బాల్కనీలో, అన్నం గిన్నె చేతిలో ఉండగా.

కూతురు తరళకు ఆరేళ్లు. కథ చెప్పకపోతే ముద్ద దిగదు. రోప్‌వే ఎక్కిన చీమ కథ ఎన్నోసారో లెక్కలేదు. "చీమ టికెట్టు అడిగితే కౌంటర్లో ఆయన ఏమన్నాడంటే, నీకు సగం టికెట్టు కూడా..."

"ఊ," అంది తరళ.

"నన్ను పూర్తి చెయ్యనీ."

"నాకు తెలుసు కదా మరి. చెప్పు."

మర్నాడు మందాకిని కొత్త కథ కట్టింది. బస్సు తప్పిపోయిన పీత. ఈసారి ప్రతి ఊ వాక్యం పూర్తయ్యాకే వచ్చింది. మూడో ముద్ద దగ్గర ఆమె చెప్పడం ఆపేసింది.

"అమ్మా, పీత ఏమైంది?"

"ఉండమ్మా. అమ్మకి ఏదో తట్టింది."

"పీతకి తట్టలేదా?"

*

షేక్ మస్తాన్‌ది బాపట్ల. శబ్దాల ఇంజినీరు. గుంపులో పదిమంది ఒకేసారి మాట్లాడినా ఎవరి గొంతు వాళ్లకు విడదీసే ప్రోగ్రామును ఆరేళ్లుగా తయారుచేస్తున్నాడు. పాత టేపులు శుభ్రం చేయడానికని ఆ విభాగం అతన్ని తీసుకుంది. మందాకిని చెప్పింది విని, అతను టీ గ్లాసు పక్కన పెట్టాడు.

"ఊ ఎప్పుడొచ్చిందో కొలిస్తే, విన్న మనిషికి ఆ సంగతి ముందే తెలుసా లేదా చెప్పొచ్చంటారు. అంతేగా మేడమ్?"

"అంతే."

"ఇంత సులువైంది ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు తట్టలా?"

"మనం ఊ టైపు చెయ్యం కదా."

ఐదు నెలలు పట్టింది. తెరమీద ఒక నిలువుగీత, వాక్యం ముగిసిన క్షణానికి గుర్తు. ప్రతి ఊ ఒక చుక్క. చుక్క గీతకు ఎడమన పడితే, విన్న మనిషికి ఆ సంగతి ముందే తెలుసు. కుడిన పడితే అప్పుడే తెలిసింది. ఒక్క ఊ వింటే ఏమీ తేలదు. ఒక మనిషివి వందల ఊలు విన్నాక, ఆ మనిషి ఎంత నెమ్మదో, ఎంత తొందరో యంత్రానికి పట్టుబడుతుంది. అప్పుడిక అది పొరపాటు పడడం అరుదు. యంత్రానికి ఊకొట్టు అని పేరు పెట్టింది మస్తానే.

పనిచేస్తుందా లేదా అని చూడడానికి అతను మందాకినిని కూర్చోబెట్టి కబుర్లు మొదలుపెట్టాడు. క్యాంటీన్లో ఇడ్లీ సంగతి, బాపట్లలో మేనమామ సంగతి. చుక్కలు కుడిన పడుతూ వచ్చాయి. మధ్యలో, "మన హెడ్డు గారు ఈ ఏడాదే రాజీనామా చేసి పోతన్నారంట మేడమ్," అన్నాడు.

"ఊ," అంది మందాకిని.

చుక్క ఎడమన పడింది. బాగా ఎడమన.

"మీకు ముందే తెలుసు!"

హెడ్డు గారు ఆ సంగతి ఎవరితోనూ అనవద్దని ఆమెతో ఒట్టు వేయించుకున్నారు. ఆమె ఎవరితోనూ అనలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తెర వైపు చూసింది. మస్తాన్ నవ్వబోయి ఆగిపోయాడు.

"నేను ఊరికే గాలికి అన్నా మేడమ్. నిజంగా పోతన్నారా?"

ఆ వారం నుంచి క్యాంటీన్లో మస్తాన్ వచ్చి కూర్చుంటే జనం ఊ కొట్టడం మానేసి తలలూపడం మొదలుపెట్టారు.

*

తుపాను హెచ్చరికల పని చూసే ఒక సంస్థ ఊకొట్టు గురించి విని మనిషిని పంపింది. ప్రమాదం వచ్చేముందు తీరంలో జనానికి నిజంగా ఏం తెలుసు, ఏం తెలియదు? అడిగితే ఒకటి చెబుతారు, జరిగింది ఇంకొకటి. పాత ఇంటర్వ్యూల్లోంచి అది తేల్చి చూపిస్తే ఖర్చంతా తామే పెట్టుకుంటామన్నారు. నెలాఖరుకు ఒక నమూనా కావాలన్నారు. నమూనాకు మందాకిని మొగలిపాలెం టేపులు తీసింది.

మొగలిపాలెం శ్రీకాకుళం తీరంలో చేపలు పట్టుకునేవాళ్ల పల్లె. పద్నాలుగేళ్ల కిందట తుపానులో ఆ ఒక్క పల్లెనుంచి పదకొండుమంది మగవాళ్లు వేటకు వెళ్లి తిరిగి రాలేదు. నెల తర్వాత ప్రొఫెసర్ సూర్యప్రకాశం వెళ్లి, ఆడవాళ్లను గుంపులుగా కూర్చోబెట్టి మాట్లాడించారు. ఏడు గుంపులు. ఏడింటిలోనూ ఒకే మాట: తుపాను వస్తోందని కబురు అందలేదు. ఆయన అదే రాశారు. ఆ పుస్తకం చూపించి తీరం పొడుగునా హెచ్చరిక స్తంభాలు వేశారు. మందాకిని ఆ పుస్తకం చదివే ఈ చదువులోకి వచ్చింది.

టేపులన్నీ ఊకొట్టుకు వినిపించడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు పొద్దున మస్తాన్ తెర తెరిచాడు.

మొదట చుక్కలు గుంపులుగా వచ్చాయి. తర్వాత యంత్రం వాటిని మనుషుల ప్రకారం, సంగతుల ప్రకారం సర్దింది. ఎవరి పడవకు చిల్లు ఉందో ఎవరెవరికి తెలుసు. ఎవరి కోడలు నెల తప్పిందో ఎవరికి ముందు తెలిసింది. ఏ ఇంటి మాట ఏ ఇంటిదాకా వెళ్లింది, ఏ గుమ్మం దగ్గర ఆగిపోయింది. ఇవేవీ ఎవరూ నోటితో చెప్పినవి కావు. చెప్పింది చేపల ధరల గురించి, నీళ్ల గురించి, దేవుడి గురించి. ఆ మాటల కింద మరో మాటల మడుగు ఉంది. ఒక ఊరు తనలో తాను ఎరిగినదంతా తెరమీద పరుచుకుంది.

మస్తాన్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో అతనికీ తెలియదు. కాసేపటికి మందాకిని కూడా లేచింది.

"చనిపోయినోళ్లు కూడా ఉన్నారు మేడమ్ ఇందులో," అన్నాడు అతను, గొంతు తగ్గించి. "టేపు తీశాక పోయిన ముసలమ్మలు. ఆళ్లకేం తెలుసో ఇప్పటికీ ఉంది."

మొదటి గుంపు టేపులో, సగం దాటాక, కాగితంమీద 'మాటలు కలిసిపోయాయి' అని రాసి వదిలేసిన చోటు వచ్చింది. మస్తాన్ గొంతులు విడదీశాడు.

ఒక పడుచు గొంతు అంటోంది: "సాయంత్రం మైకు కాడ ఎర్రయ్యకి ఫోనొచ్చినాది గానీ, ఆడు సెప్ప..."

ఆ మాటకు చుట్టూ ఉన్న ఆడవాళ్ల ఊలు పడ్డాయి. అన్నీ ఎడమనే. అందరికీ తెలుసు.

ఆ గొంతును తొక్కేస్తూ పైన ఇంకో గొంతు వచ్చింది. గరికిన నూకాలమ్మది. ఆ తుపానులో ఆమెకు కొడుకు పోయాడు.

"ఏ కబురూ రాలేదు బాబూ. రాసుకోండి."

తర్వాత ఎవరూ మాట్లాడలేదు. టేపులో సముద్రం వినిపించింది. చాలాసేపటికి ఒక ఊ. కుడిన, తెర అంచు దగ్గర. ఆగి ఇంకొకటి. ఆగి ఇంకొకటి. ఒక్కొక్కరే. అందరికంటే ఆఖరున, మాట మొదలుపెట్టిన ఆ పడుచు ఊ.

ఎవరికీ ముందు తెలియని సంగతి అది. ఎందుకంటే అప్పటిదాకా అది లేదు. నూకాలమ్మ దాన్ని అప్పుడే, వాళ్లందరి ఎదుట పుట్టించింది. వాళ్లు ఒక్కొక్కరే దాన్ని చేతుల్లోకి తీసుకున్నారు.

తర్వాత ఒక మగగొంతు ఊ అంది. ఆ గొంతును గుర్తుపట్టడానికి మందాకినికి యంత్రం అక్కర్లేదు. ఆ ఊ వెనకే ఆయన మాట: "రాసుకున్నానమ్మా."

"సారు కూడానా?" అన్నాడు మస్తాన్.

రెండో గుంపులో 'కబురు రాలేదు' అన్నచోట ఊలు కుడిననే ఉన్నాయి గాని గీతకు దగ్గరపడ్డాయి. నాలుగో గుంపుకు వచ్చేసరికి ఎడమకు దాటేశాయి. ఊరంతటికీ ముందే తెలిసిన సంగతి అయిపోయింది. మధ్యలో ఎవరూ ఎవరితోనూ దాని గురించి ఒక్క మాట అనుకున్నట్టు టేపుల్లో ఎక్కడా లేదు.

మస్తాన్ మొదటి టేపు దగ్గరికి మళ్లీ వెళ్లాడు. ప్రొఫెసర్ గారి చుక్క తర్వాత, ఇంకా కుడిన, సన్నగా ఇంకో చుక్క ఉంది.

"ఇదెవరిదో అంతు చిక్కట్లా. మైకుకి దూరంగా ఉంది. గోడ అవతల. ఈ గొంతుతో ఇంకెక్కడా మాట లేదు."

మందాకిని అప్పటికే బీరువా దగ్గరుంది. ప్రొఫెసర్ గారి పాత పరిశోధనల కాగితాలు వరసగా తీసి చూసింది. మొగలిపాలేనికి ముందు టైపు చేసిన ప్రతి కాగితంలోనూ ఊలు ఉన్నాయి. వాటిని తీసేయాలన్న నియమం మొగలిపాలెంతోనే మొదలైంది. టేపులు పారేయడం ఆయన చేతిలో లేదు. చేతిలో ఉన్నది ఆయన చేశారు.

*

"ఎర్రయ్య అంటే ఎవరు?" అడిగాడు మస్తాన్.

రెండు మూడు టేపులు కలిపి వింటే అది తేలింది. అప్పుడు పదిహేడేళ్లవాడు. రామమందిరం దగ్గర మైకు అతని చేతిలో ఉండేది. వాతావరణం బాగాలేకపోతే పట్నం నుంచి అతనికి ఫోను వచ్చేది, అతను మైకులో చెప్పేవాడు. ఆ ఏడాది అప్పటికి రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ పడవలు ఆగిపోయాయి, గాలి మాత్రం రాలేదు. రెండోసారి మగవాళ్లు అతన్ని తిట్టారు. మూడోసారి అతను చెప్పలేదు.

"ఇది నెలాఖరుకు చూపిస్తే ఆ మనిషి పేరు బయటికొస్తుంది," అంది మందాకిని.

"చూపించకపోతే?" మస్తాన్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "కబురు రాలేదని మీ సారు రాశారు. స్తంభాలు ఏశారు. జరిగిందేంది? కబురొచ్చింది, ఒక్క మనిషి దగ్గర ఆగింది. ఇయ్యాళకీ ఎన్ని పల్లెల్లో ఒక్క మనిషి ఫోను మీద నడుస్తందో మీకు తెలుసా? మనం నోరు మూసుకుంటే రేపు ఇంకో పల్లె మునుగుద్ది. అప్పుడు మనం ఎర్రయ్యలం."

మందాకిని తెర వైపు చూసి, "వాళ్లు చెప్పిన మాట రాసుకోవచ్చని ఒప్పుకున్నారు. ఊ కొట్టింది రాసుకోవచ్చని ఒప్పుకోలేదు," అంది.

"ఆరేళ్ల పని మేడమ్ ఇది. నా పెళ్లాం సవతిని చూసినట్టు చూస్తది దీన్ని."

"తీసుకెళ్లి వినిపిద్దాం. కాదంటే కొట్టేద్దాం. మన పద్ధతే కదా."

"కాదనక, మా గుట్టు చాటండి అంటారా!"

ఆ సాయంత్రం తరళ అన్నం తింటూ, "చీమ కథ వద్దు. తాతయ్య కథ," అంది. మందాకిని తండ్రి పోయి రెండు నెలలు. పిల్లకు ఊరెళ్లాడని చెప్పారు. ఊళ్లో ఏం చేస్తున్నాడో రోజూ కొంచెం కొంచెం కల్పించి చెబుతూ వస్తోంది మందాకిని. ఆ రోజు ఆమె నోట ఎన్నడూ అనని మాట వచ్చింది.

"తాతయ్య ఇంక మన ఇంటికి..."

"ఊ," అంది తరళ.

వాక్యం గాలిలో ఉంది. మందాకిని చేతిలో ముద్ద ఉంది.

"నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. అమ్మమ్మ ఫోన్లో ఏడుస్తుంటే నువ్వు ఊ, ఊ అంటావు కదా."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

పిల్ల ఆలోచించింది. "తాతయ్య ఊళ్లో ఉన్నాడని చెప్పేటప్పుడు నీ మొహం బాగుంటుంది. అందుకని."

తర్వాత చాలా రోజులదాకా మందాకిని ఎవరితో మాట్లాడినా ఊలే వినిపించేవి. పాలవాడివి, ఆటో అతనివి, భర్తవి. చెవులు మూసుకునే ఉపాయం యంత్రంలో లేదు.

*

మొగలిపాలెం బస్సు దిగేసరికి మధ్యాహ్నం అయింది. రోడ్డు మీద ఆటో ఒకటి ఉంది. పక్కన ముప్పై దాటిన మనిషి, చెవికి ఫోను. మాట్లాడడం అయ్యాక దగ్గరికి వచ్చాడు.

"నూకాలత్త ఇంటికా అమ్మా? ఎక్కండి. నా పేరు ఎర్రయ్య."

మస్తాన్ పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. దారి పొడుగునా బయటికే చూశాడు.

"ఏటి సారూ ఆ పెట్టెలో?" అడిగాడు ఎర్రయ్య.

"పాత పాటలు," అన్నాడు మస్తాన్.

"మా అత్తకి పాటలా? ఆవిడ తిట్లు రికార్డు సేసుకెల్లండి, మీ పట్నంలో బాగా అమ్ముడుపోతాయి." దించి, డబ్బులు తీసుకోలేదు. "నాలుగింటికి ఫోనొస్తాది. అది సూసుకుని వచ్చి, మిమ్మల్ని బస్సు కాడికి దింపుతాను."

నూకాలమ్మ అరుగుమీద వల బాగుచేస్తోంది. డెబ్భై దాటింది. ప్రొఫెసర్ పేరు చెప్పగానే తలెత్తింది.

"ఆ బాబు బాగున్నాడేటి?"

"పోయారమ్మా. మూడేళ్లయింది."

"అయ్యో. మంచోడు. ఇనడం తెలిసినోడు."

వల ఎత్తుకుని వాళ్లను లోపలికి తీసుకెళ్లింది. మందాకిని లోపల కూర్చుని యంత్రం ఏం చేస్తుందో చెప్పింది. దాచలేదు. ఏం విన్నదీ చెప్పింది. నూకాలమ్మ మొహంలో ఏమీ మారలేదు. వల పక్కన పెట్టి, "ఇనిపించు," అంది.

మస్తాన్ ఆమె చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించాడు. ఆమె తన మాట తాను వింది. తర్వాత సముద్రం వింది. మొదటి ఊ వచ్చినప్పుడు కళ్లు మూసుకుంది.

"ఇది మా తోడికోడలు." ఆగింది. "ఇది పోలమ్మ. సచ్చిపోనాది. ఇది... కాసులమ్మ. దీనికి పెనిమిటీ పోనాడు, మరిదీ పోనాడు. ఇదీ ఊ అన్నాది సూసినావా?" ఒక్కొక్క ఊకూ ఒక్కొక్క పేరు చెప్పింది. ప్రొఫెసర్ ఊ దగ్గర తల పంకించింది. "ఆ బాబు."

"అతను చెప్పలేదని అందరికీ తెలుసు కదమ్మా. మరి ఎందుకు?"

"ఆడు రెండుసార్లు సెప్పినాడు. రెండుసార్లూ మా మొగోళ్లు తిట్టినారు. నా కొడుకైతే సెయ్యి కూడా సేసుకున్నాడు. ఆడి నోరు మూయించింది ఎవులు? మేం. అప్పుడా పేరు బయటికొస్తే ఆడు ఆ సముద్రంలోనే దిగిపోయేవోడు. పదకొండుమంది సాలరా?" ఆమె గొంతు పెంచలేదు. "ఎవులితోనూ అనుకోలేదమ్మా. నాను అన్నాను. ఆళ్లు ఊ అన్నారు. అంతే."

"ఎర్రయ్యకు తెలుసా?"

"ఆడికి తెల్దు. మాకు తెలుసన్న సంగతి ఆడికి తెల్దు. అందుకే బతుకుతన్నాడు. ఇప్పుడు మైకులో సెప్పి ఊరుకోడు. ఇంటింటికీ వస్తాడు. గుమ్మంలో నిలబడి కబురు సెప్పి, లోపల్నించి ఊ అనీదాకా కదలడు. జ్వరమొచ్చినా, వానొచ్చినా. ఊ రాని ఇల్లుంటే తలుపు బాదేస్తాడు. పద్నాలుగేళ్లుగా ఈ పాలెంది ఒక్క పడవా మునగలేదు."

మస్తాన్ చటుక్కున మందాకిని వైపు చూశాడు. అతను వెతికిన జవాబు అదే. కబురు పంపడం కాదు, ఊ తిరిగి రావడం లెక్క. అది రాయడానికి ఏ టేపూ అక్కర్లేదు, ఏ పేరూ అక్కర్లేదు.

"ఇంకో ఊ ఉందమ్మా," అన్నాడు. "ఎవరిదో మాకు తెలీలా." అతను శబ్దం పెంచాడు.

నూకాలమ్మ వింది. మళ్లీ పెట్టమంది. మూడోసారి వింటూ ఒక చెయ్యి ఎత్తి గోడ మీద పెట్టింది, అవతల ఎవరో ఉన్నట్టు.

"ఎర్రయ్య," అంది.

"ఆ రోజు మేమంతా ఈ ఇంట్లోనే కూకున్నాం. ఆడు ఈ గోడ ఎనకాలే ఉన్నాడన్నమాట. ఇన్నాడు. నాను అన్నదీ, ఈళ్లు ఊ అన్నదీ అన్నీ ఇన్నాడు." ఇయర్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది. "ఆడూ ఊ అన్నాడు."

పద్నాలుగేళ్లుగా ఆమె తానొక సంగతి అతనికి తెలియకుండా కాపాడుతున్నాననుకుంది. అతనూ తాను విన్నానన్న సంగతిని ఆమెకు తెలియకుండా కాపాడుతున్నాడు. గుమ్మం గుమ్మం దగ్గరా నిలబడి అతను అడుగుతున్న ఊ దేనికి బదులో ఇప్పుడు ఆమెకు తెలిసింది. ఇది ఏ పుస్తకంలోనూ మందాకిని చదవలేదు. ఏ గుర్తు పెట్టాలో ఆమెకు తెలియదు.

నూకాలమ్మ పెట్టె వైపు చూపించి, "ఇయ్యి మాయి కాదేటి? మా మాటలు మాకిచ్చేయండి," అంది.

"ఇస్తామమ్మా. ఎప్పుడు అడిగినా వెనక్కి ఇస్తామని అప్పుడే రాసిచ్చాం."

మస్తాన్ పెట్టె తెరిచాడు. అసలు టేపులు తీసి ఆమె ముందు పెట్టాడు. తర్వాత యంత్రంలోంచి మొగలిపాలెం మొత్తం తుడిచేశాడు. అడగకుండానే చేశాడు. "మనం మూసినా ఇంకొకడు ఇలాంటిది తెరుస్తాడు మేడమ్," అన్నాడు, వేళ్లు తుడుచుకుంటూ.

"తెరుస్తారు. ఈ ఊరు మాత్రం దొరకదు."

మందాకిని ముసలమ్మకు ఎదురుగా కూర్చుంది. రికార్డరు తీయలేదు. "కాగితంమీద ఒకటి రాయాలమ్మా. తుపాను హెచ్చరికల సంస్థవాళ్లు నన్ను అడుగుతారు. ఆ రోజు సంగతి ఏమని రాయమంటారు?"

నూకాలమ్మ ఆమె కళ్లలోకి చూసింది.

"ఆ రోజు ఏ కబురూ..."

"ఊ," అంది మందాకిని.

మస్తాన్ కొంచెం ఆగి, గొంతు సవరించుకుని, అతనూ ఊ అన్నాడు.

బయట చెప్పుల చప్పుడు అయింది. ఎర్రయ్య గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో ఫోను ఉంది.

"నూకాలత్తా. రేపు తెల్లారికాడ్నుంచి గాలి ముదురుతాదంట. మూడ్రోజులు వేట లేదు."

ఆమె అతని వైపు చూసింది. పద్నాలుగేళ్లుగా రోజూ చూసిన మొహాన్ని ఇప్పుడే చూస్తున్నట్టు చూసింది. ఊ రాలేదు. అతను నిలబడే ఉన్నాడు.

"ఏటత్తా, ఇనబడలేదేటి?"

"ఇనబడిందిరా. ఎల్లు."

"ఊ అను. ఎల్తాను."

ఆమె వల మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. మస్తాన్ మూసేసిన పెట్టె వైపు చూశాడు. అది తెరిచి ఉంటే చుక్క ఎక్కడ పడేదో అతనికి తెలుసు. గీతకు కుడిన, తెర అంచుకు.

"ఊ," అంది నూకాలమ్మ.

ఎర్రయ్య తల ఊపి పక్కింటికి నడిచాడు. మందాకిని అరుగుమీదికి వచ్చింది. సందు సముద్రందాకా ఉంది. గుమ్మం గుమ్మం దగ్గరా అతని గొంతు, లోపల్నించి ఒక ఊ, మళ్లీ అతని అడుగులు. కొన్ని ఊలు అతను మాట పూర్తి చేయకముందే వస్తున్నాయి. కొన్ని తర్వాత. ఆఖరి ఇంటి దగ్గర అతను చాలాసేపు నిలబడ్డాడు. అతనికి ఊ వచ్చిందో లేదో గాలికి ఆమెకు వినిపించలేదు. అతను వెనక్కి తిరిగి నడవడం చూశాక, వచ్చిందని తెలిసింది.